హెడ్‌ఫోన్ ఆంప్: డాంగిలా, బల్ల మీది పెట్టెనా, ట్యూబా? మన కరెంటుకు ఏది మేలు?

హెడ్‌ఫోన్ ఆంప్ అంటే పాట సిగ్నల్‌కి బలం పెంచి హెడ్‌ఫోన్‌కి అందించే పరికరం. వాటి మీద వచ్చే పోలికలు చాలావరకు అమెరికాలోనో యూరప్‌లోనో రాసినవి. అక్కడ ప్లగ్గులో వోల్టేజీ నిలకడగా ఉంటుంది, ఎర్తింగ్ సరిగ్గా ఉంటుంది, వింటున్నవాళ్ల నెత్తిన ఫ్యాన్ తిరగదు. దక్షిణ ఒడిశాలో, పర్లాకిమిడిలో గానీ, గుణుపురం, రాయగడల్లో గానీ ఇల్లున్నవాళ్లకి ఈ మూడూ వేరు. అందుకే ఏ ఆంప్ మేలు అనే ప్రశ్నకి ఇక్కడ నా జవాబు కూడా కొంచెం వేరు.

బరంపురంలో చదువుకుంటున్న మా మేనల్లుడు ఈమధ్య ఫోన్ చేసి, "మావయ్యా, ఇరవై వేలు కూడబెట్టాను, ఏ ఆంప్ తీసుకోమంటావు?" అన్నాడు. నీ దగ్గర ఏ హెడ్‌ఫోన్ ఉందిరా అంటే ఆడియో టెక్నికా ఎమ్50ఎక్స్ అన్నాడు. "దానికి ఆంప్ అక్కర్లేదు" అంటే వాడికి నచ్చలేదు. లెక్క చెప్పమన్నాడు. ఆ లెక్క అందరికీ పనికొస్తుంది, చేయడమూ తేలికే.

ఎమ్50ఎక్స్ ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అది చూపే అడ్డు, 38 ఓమ్‌లు. ఒక మిల్లీవాట్ ఇస్తే 99 డెసిబెల్స్ మోగుతుంది. దానికి 1 వోల్టు అందితే, వోల్టుల వర్గాన్ని ఓమ్‌లతో భాగించాలి కాబట్టి సుమారు 26 మిల్లీవాట్లు వెళ్తాయి. పవర్ రెట్టింపైతే 3 డెసిబెల్స్, పది రెట్లయితే 10 డెసిబెల్స్ పెరుగుతాయి. అలా 26 మిల్లీవాట్లకి 14 డెసిబెల్స్ కలిపితే 113 దగ్గర తేలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి సూచించే హద్దు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే డాంగిల్ (ఫోన్‌కి తగిలించే చిన్న తీగ) ఇచ్చే 1 వోల్టుకే ఈ హెడ్‌ఫోన్ ఆ హద్దును ఎక్కడికో దాటిపోతుంది. ఇక ఇరవై వేల పెట్టె ఇక్కడ చేసేదేముంది? ఆ డబ్బుతో వేరే రకం హెడ్‌ఫోన్ ఇంకొకటి కొనుక్కోమన్నాను. రెండు హెడ్‌ఫోన్‌ల మధ్య వినిపించే తేడాలో పదో వంతు కూడా రెండు మంచి ఆంప్‌ల మధ్య వినిపించదు.

మరి ఆంప్ ఎవరికి కావాలి? సెన్‌హైజర్ హెచ్‌డీ 650 తీసుకుందాం. 300 ఓమ్‌లు, 1 వోల్టుకి 103 డెసిబెల్స్. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓమ్‌ల రకమైతే 1 వోల్టుకి 102 వస్తుంది. ఇదీ చాలా గట్టిగానే ఉందే అనిపిస్తుంది. కానీ కర్ణాటక సంగీత కచేరీని బాగా రికార్డు చేస్తే, మామూలుగా 75 డెసిబెల్స్‌లో సాగే పాట మధ్య మృదంగం దెబ్బ ఇంకో 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది. దాని మీద మీరు ఈక్వలైజర్‌లో బేస్ 6 డెసిబెల్స్ పెంచుకున్నారనుకోండి. శబ్దం పగలకుండా మొత్తం వాల్యూమ్‌ను ముందే 6 తగ్గించాలి. అప్పుడు 1 వోల్టు అంచుకి వచ్చేస్తుంది. 2 వోల్టులు ఇచ్చేది ఉంటే హెచ్‌డీ 650కి 109 దాకా చోటుంటుంది, ఏ కచేరీకైనా అది చాలు. ఆంప్ వల్ల నిజంగా దక్కేది ఈ చోటే. "తెర తొలగినట్టు" వినిపిస్తుందనే మాటలు నేను పట్టించుకోను.

రెండో రకం అవసరం ప్లానార్ హెడ్‌ఫోన్‌లది, అంటే గుండ్రని కాయిల్ బదులు పలుచటి పొర మీద పరిచిన తీగతో మోగేవాటిది. హైఫైమాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ 25 ఓమ్‌లే, కానీ మిల్లీవాట్‌కి 91 డెసిబెల్స్ మాత్రమే. దీనికి వోల్టుల కన్నా కరెంటు ఎక్కువ కావాలి. 2 వోల్టుల దగ్గర 80 మిల్లీఆంపియర్లు లాగుతుంది. చిన్న డాంగిళ్లు చాలావాటికి అంత బలం లేక, పాట గట్టిగా ఉన్నచోట గొంతు గరగరలాడుతుంది.

ఇక ఒక్కో రకం. డాంగిల్ అంటే వేలెడంత డాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది), ఆంప్ రెండూ కలిసిన తీగ. ఆపిల్ యూఎస్‌బీ-సి డాంగిల్ 1 వోల్టు ఇస్తుంది. యూరప్‌లో అమ్మేది మాత్రం అందులో సగమే, కాబట్టి విదేశాల నుంచి తెప్పిస్తే ఎక్కడిదో చూసుకోండి. దీని శబ్దం శుభ్రంగా ఉంటుంది, ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (ఆంప్‌లోనే ఉండే అడ్డు) 1 ఓమ్ లోపే. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్‌లలో దీని వాల్యూమ్ సగంలో ఇరుక్కుపోయి పాట నీరసంగా వస్తుంది. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్‌తో అది సర్దుకుంటుంది. ఇంకొంచెం ఖర్చు పెడితే 2 వోల్టులు ఇచ్చే డాంగిళ్లు వస్తాయి, ఫియో కేఏ11 ఆ కోవలోదే.

మన ప్రాంతంలో డాంగిల్‌కి ఉన్న గొప్ప బలం వేరే ఉంది. ఫోన్‌కి తగిలిస్తే గోడ ప్లగ్గుతో సంబంధమే ఉండదు. లో వోల్టేజీ గానీ, ఎర్తింగ్ లేక వచ్చే మోత గానీ, వేసవి సాయంత్రాల పిడుగులు గానీ దాన్ని తాకవు. లోపం ఒక్కటే, అది ఫోన్ ఛార్జినే తింటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా ఊడ్చేసిందో ఇక్కడివాళ్లకి గుర్తే. అలాంటి రోజుల్లో ఫోన్‌లో మిగిలిన ఛార్జి మాట్లాడటానికే దాచుకోవాలి. సొంత బ్యాటరీ ఉన్న జేబు ఆంప్‌లు ఈ లోటు తీరుస్తాయి గానీ, రెండు మూడేళ్ల తర్వాత ఆ బ్యాటరీ నీరసిస్తే మార్చేవాళ్లు దగ్గర్లో దొరకడం కష్టం. రోజూ కరెంటు గంటలకొద్దీ పోయే ఊళ్లో ఉంటే తప్ప నేను వాటిని సిఫార్సు చేయను.

బల్ల మీది పెట్టె దగ్గరకొస్తే అసలు చూడాల్సింది ఆంప్ కన్నా దాని అడాప్టర్. ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. బల్ల మీది ఆంప్‌లలో రెండు జాతులున్నాయి. ఫియో కే11, కే7 లాంటివి 12 వోల్టుల డీసీ అడాప్టర్‌తో నడుస్తాయి. ఇలాంటి అడాప్టర్ లోపల ఉండేది ఎస్ఎమ్‌పీఎస్, మన మొబైల్ ఛార్జర్‌లో ఉండే రకమే. దాని మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. గోడలో 230 ఉన్నా, సాయంత్రం వీధంతా ఏసీలు వేసి 180కి పడినా, అది ఇచ్చేది అదే 12.

జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్ రెండో జాతి. 2011లో పేరు చెప్పుకోని ఒక ఇంజినీరు అందరికీ ఉచితంగా విడుదల చేసిన ఓ2 డిజైన్ కూడా ఆ జాతే. వాటి అడాప్టర్ ఉత్త ట్రాన్స్‌ఫార్మర్: ఏసీ లోపలికి, ఏసీ బయటికి. గోడలో వోల్టేజీ ఎంత పడితే ఇదీ అంత పడుతుంది. 230 దగ్గర 15 ఇచ్చే అడాప్టర్ 180 దగ్గర 12 కూడా ఇవ్వదు. ఆంప్ లోపల వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్‌కి కనీసం ఇంత వోల్టేజీ ఉండాలని ఒక లెక్క ఉంటుంది. అంతకన్నా తగ్గితే సన్నని గుయ్‌మనే మోత మొదలవుతుంది, గట్టి శబ్దాలు పగులుతాయి. ఇంకో చిక్కు ఇన్వర్టర్. మన ఇళ్లలో పాతవి చాలావరకు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌లు. వాటి మీద ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ పెడితే అది గీపెడుతుంది, ఆ మోత కొంత హెడ్‌ఫోన్‌లోకీ దిగుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే ఈ బెడద లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆటమ్ లాంటిది అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో బావతోనో తెప్పించుకుందాం అనుకుంటే, అడాప్టర్ 230 వోల్టులదే అడగండి. అక్కడి 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ని మన ప్లగ్గులో పెడితే వెంటనే మాడిపోతుంది, ఆంప్‌ని కూడా తీసుకుపోవచ్చు. శబ్దంలో ఆటమ్‌కి, ఫియోకి మధ్య కళ్లు మూసుకుని తేడా చెప్పడం చాలా కష్టం. కొలతల్లో రెండూ చెవి పట్టగలిగిన దానికన్నా శుభ్రంగా ఉంటాయి. అలాంటప్పుడు మన కరెంటుని తట్టుకునేదే మేలు కదా. నా ఓటు డీసీ అడాప్టర్ వాటికే.

వాట్ల ప్రకటనలకి కూడా లొంగకండి. కే7 బ్యాలెన్స్‌డ్ సాకెట్ (ఎడమ, కుడి చెవులకి విడివిడి తీగలతో ఎక్కువ పవర్ ఇచ్చేది) నుంచి 32 ఓమ్‌లకి 2000 మిల్లీవాట్లు ఇస్తుందని కంపెనీ చెబుతుంది. నిజమే, కానీ 1000 నుంచి 2000కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. ఎమ్50ఎక్స్ లాంటి తేలిక హెడ్‌ఫోన్‌ని, అంతకన్నా తేలికగా మోగే ఇయర్‌ఫోన్‌ని అంత బలమైన ఆంప్‌కి తగిలిస్తే, హై గెయిన్‌లో (సిగ్నల్‌ని ఎక్కువగా పెంచే సెట్టింగులో) నాబ్ కాస్త కదిపేసరికి చెవి అదిరిపోతుంది. పాట లేనప్పుడు సన్నని హిస్ కూడా వినిపిస్తుంది. కాబట్టి ఎప్పుడూ లో గెయిన్‌తో మొదలుపెట్టండి.

పాత రేడియోల్లోలాంటి గాజు ట్యూబులతో పనిచేసే ట్యూబ్ ఆంప్ అంటే చాలామందికి మోజు. అది తప్పేమీ కాదు, చీకట్లో వెలిగే ఆ ట్యూబుల అందం నాకూ ఇష్టమే. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ట్యూబు నుంచి నేరుగా హెడ్‌ఫోన్‌కి ఇచ్చే ఓటీఎల్ రకాల్లో ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ. హెచ్‌డీ 650 ఇంపీడెన్స్ 100 హెర్ట్జ్ చుట్టూ 500 ఓమ్‌ల దగ్గరకి ఎగబాకుతుంది కాబట్టి, 100 ఓమ్‌ల ఔట్‌పుట్ ఉన్న ఆంప్ మీద అక్కడ బేస్ దాదాపు 1 డెసిబెల్ పెరుగుతుంది. పాత పాటల్లో గాయకుడి గొంతుకి కొంచెం నిండుదనం వస్తుంది. అదే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే ఆంప్ బలమంతా తనలోనే పోతుంది, బేస్ వదులైపోతుంది. పైగా ట్యూబుని వేడి చేసే హీటరు, దానికి కావలసిన హై వోల్టేజీ రెండూ గోడ వోల్టేజీ మీదే ఆధారపడతాయి. మే నెల గదిలో అది ఇంకో పొయ్యి. ట్యూబు పోతే విశాఖపట్నంలోనే దొరుకుతుందన్న నమ్మకం లేదు, ఆన్‌లైన్‌లో వెతకాలి. 250 ఓమ్‌లు దాటిన హెడ్‌ఫోన్, మంచి స్టెబిలైజర్, ఓపిక ఈ మూడూ ఉన్నవాళ్లకే ఇది.

ఆంప్ మీద పడే ముందు ఫ్యాన్ సంగతి ఆలోచించారా? హెచ్‌డీ 650, డీటీ 990 రెండూ ఓపెన్ బ్యాక్ (వెనక వైపు తెరిచి ఉన్నవి), బయటి శబ్దాన్ని అస్సలు ఆపవు. వేసవిలో ఫ్యాన్ ఐదు మీద తిరుగుతూ, పక్క గదిలో అమ్మ సీరియల్ చూస్తూ ఉంటే, తంబూరా శ్రుతి, వీణ తీగ సన్నగా ఆగిపోయే చోటు ఆ హోరులో కలిసిపోతాయి. దాని మీదికి వినబడాలని వాల్యూమ్ పెంచుతాం. అలాంటి ఇంటికి డీటీ 770 ప్రో లాంటి క్లోజ్డ్ బ్యాక్, 80 ఓమ్‌ల రకం, 2 వోల్టుల డాంగిల్ చాలు. నా దృష్టిలో మన ఇళ్లకి ఇదే మొదటి ఎంపిక. అందరూ పడుకున్నాక, చలికాలం రాత్రుల్లో వినే అలవాటు ఉంటేనే ఓపెన్ బ్యాక్, డీసీ అడాప్టర్ పెట్టె జతకి డబ్బు పెట్టండి. 1950ల నాటి మోనో పాటలే ఎక్కువ వినేవాళ్లయితే ఆ ఖర్చు కూడా వద్దు. ఆ రికార్డింగులో లేనిదాన్ని ఏ ఆంప్ తెచ్చివ్వలేదు.

కంప్యూటర్‌కి కలిపి వినేవాళ్లకి ఒక మాట. మౌస్ కదిపినప్పుడు కిచకిచ వినిపిస్తుంటే అది కంప్యూటర్ సొంత సాకెట్ లోపం, బయటి డాక్ పెడితే చాలావరకు పోతుంది. 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత వస్తూ, క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటుంటే అది ఎర్తింగ్ లేకపోవడం. దానికి ఎలక్ట్రీషియన్ కావాలి, కొత్త ఆంప్ కాదు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకి చూడండి, మోత ఆగితే దారి తెలిసినట్టే.

విని కొనే దుకాణాలు మనకి దగ్గర్లో లేవు కాబట్టి ఆన్‌లైనే గతి. పెట్టె వచ్చిన రోజు నుంచి రిటర్న్ గడువు లెక్క రాసుకోండి. ఆ గడువులోనే ఒక సాయంత్రం ఏడున్నరకి, వోల్టేజీ బాగా పడ్డ వేళ, పాట ఆపేసి, వాల్యూమ్ మీరు మామూలుగా వినే చోటే ఉంచి చెవి పెట్టండి. తర్వాత మెయిన్ ఆపి ఇన్వర్టర్ మీద అదే చేయండి. రెండింట్లో ఎక్కడ మోత వినిపించినా, సర్వీసుకి పంపడం గురించి ఆలోచించకుండా వెంటనే వాపసు పెట్టేయండి.