డౌనీ వాటిల్: పూలకి ఫుల్ మార్కులు, లేబుల్‌కి సున్నా

సిడ్నీ పడమటి శివార్లలో ఇల్లు కొనుక్కుని, పార దిగని బంకమట్టితో కుస్తీ పడుతున్నవాళ్ల కోసం ఈ రివ్యూ. నేను కొన్నది డౌనీ వాటిల్, శాస్త్రీయ నామం అకేషియా ప్యూబెసెన్స్. ఇక్కడి నేటివ్ మొక్కలు పెంచి అమ్మే ఒక నర్సరీలో తీసుకున్నాను. సన్నటి ట్యూబ్‌లో జానెడు మొక్క, ఐదు డాలర్ల లోపే.

ముందు పూల సంగతి. ఆగస్టులో మొదలై అక్టోబరు దాకా పూస్తుంది. మన తుమ్మకి చుట్టమే కాబట్టి పువ్వు చూడగానే గుర్తుపడతారు, అదే గుండ్రటి పసుపు ఉండ. కాకపోతే ముల్లు ఉండదు. కొమ్మలు కొద్దిగా వాలి ఉంటాయి, వాటి నిండా గుత్తులే. లేత కొమ్మని ఎండకి అడ్డంగా పట్టుకుని చూడండి, చుట్టూ తెల్లటి నూగు మెరుస్తుంది. ఆకు రెండుసార్లు చీలిన ఈక ఆకు, చివర్లలో రెమ్మలు ఎంత చిన్నవంటే కళ్లజోడు లేకుండా నాకు లెక్క తేలదు.

ఇక లేబుల్. ‘కంచె పక్కన వేసుకోదగ్గ పొందికైన పొద’ అని రాశారు. పొందికా! ఇది వేళ్ల నుంచి పిలకలు వేసే మొక్క. వేసింది కంచె దగ్గరైతే, పిలక బట్టలారేసే తీగ కింద, లాన్ మధ్యలో లేచింది. ఆ తర్వాత పోస్ట్‌బాక్స్ వైపు ఇంకోటి. మా ఆయన మోవర్ తీసిన ప్రతిసారీ నాకు టెన్షన్. చివరికి ఆ లాన్ ముక్కని మొక్కకే వదిలేశాం. ఇది మొక్క తప్పు కాదు, దాని బతుకే అంత. అడవిలో విత్తనం కట్టడం బాగా తక్కువ, ఎక్కువగా పిలకలతోనే విస్తరిస్తుంది. దూరానికి పదిహేను పొదల్లా కనిపించేది నిజానికి ఒకే మొక్క కావచ్చు. ఈ ఒక్క ముక్క లేబుల్ మీద ఉంటే చాలదా?

ఇది సిడ్నీ చుట్టుపక్కల తప్ప సహజంగా ఇంకెక్కడా లేదు. ఎక్కువగా బ్యాంక్స్‌టౌన్, ఫెయిర్‌ఫీల్డ్, రుక్‌వుడ్ ప్రాంతంలో, మరికొంత పిట్ టౌన్ దగ్గర. షేల్ అనే పలకల రాయి కరిగిన బంకమట్టి, నదులు తెచ్చిన ఒండ్రు, షేల్ ఇసుకరాయితో కలిసే అంచులు దీనికి ఇష్టం. సరిగ్గా ఆ నేల మీదే మన ఇళ్లు, రోడ్లు, గోడౌన్లు లేచాయి. మిగిలినవి ఐరన్‌బార్క్ అనే యూకలిప్టస్ చెట్ల తునక అడవులు, రోడ్డు పక్క పట్టీలు, రుక్‌వుడ్ శ్మశానంలో కొన్ని మూలలు. అక్కడా కలుపు, చెత్త, గడ్డి కోసే మెషిన్లు వదలవు. రాష్ట్ర చట్టంలోనూ కేంద్ర చట్టంలోనూ ముప్పున్న జాతిగా నమోదైంది. అడవిలో ఉన్నదాన్ని కత్తిరించడం నేరం, ‘ఒక్క కొమ్మే కదా’ అని చెయ్యి వేయకండి.

తమాషా ఏమిటంటే, దీన్ని 1803లో మొదట వర్ణించిన వృక్షశాస్త్రజ్ఞుడు వెంటెనా ఫ్రాన్స్‌వాడు. పారిస్ దగ్గర మాల్మెజాన్‌లో, నెపోలియన్ భార్య జోసెఫిన్ తోటలో పెరిగిన మొక్క అది. అక్కడ రాజభోగం, ఇక్కడ ఫుట్‌పాత్ పక్కన నెగ్గుకురావడం.

పెంచడం కష్టమేమీ కాదు. మా మట్టికి ఎరువు వేయలేదు. వాటిల్ వేళ్లలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు. మొదటి వేసవిలో మాత్రం నీళ్లు మానకండి. ఇక్కడ ఎండలు తగ్గిపోయే ఏప్రిల్, మే నెలల్లో నాటితే, మళ్లీ ఎండలొచ్చేలోపు వేళ్లు కుదురుకుంటాయి. గీత గీసినట్టు తోట కావాలనుకునేవాళ్లు కొనకండి, రెండో ఏడే పీకి పారేస్తారు. కాస్త మూల ఖాళీగా వదలగలిగితే కళ్లు మూసుకుని తీసుకోండి.

మీ ఇంటి పక్కనే పాత అడవి తునక ఉంటే మాత్రం, నాటేముందు కౌన్సిల్ వాళ్లని ఒక మాట అడగండి. అక్కడి మొక్కలతో మీది కలవడం మంచిదో కాదో వాళ్లు చెబుతారు. నర్సరీలో కూడా, ఈ మొక్క మూలం ఎక్కడిదని అడగండి. నేనడిగితే కౌంటర్ దగ్గరి అమ్మాయి వెంటనే రిజిస్టర్ తెరిచి చూపించింది. మొక్కకి అయిదు నక్షత్రాలు. నర్సరీకి మూడు, అందులో ఒకటి పూర్తిగా ఆ అమ్మాయిదే.