మోటార్ థ్రెషోల్డ్: కంటితో చూడడమా, ఈఎంజీతో కొలవడమా?

తలపై పెట్టిన కాయిల్‌తో అయస్కాంత పల్స్ పంపి, మెదడు ద్వారా చేతి కండరాన్ని కదిలించవచ్చని ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథోనీ బార్కర్ బృందం 1985లో చూపింది. అందుకు చాలిన కనీస తీవ్రతే మోటార్ థ్రెషోల్డ్. ఇలాంటి అయస్కాంత పల్సులతోనే కుంగుబాటుకు ఇచ్చే టీఎంఎస్ చికిత్సలో మోతాదును ఈ అంకెను బట్టే నిర్ణయిస్తారు కనుక, దాన్ని ఎలా కొలుస్తున్నామన్నది రోగి భద్రతకు సంబంధించిన విషయం.

కంటితో చూసే పద్ధతికి అదనపు పరికరం అక్కరలేదు, సమయమూ తక్కువే పడుతుంది: పది పల్సుల్లో ఐదింటికి వేలు కదిలితే చాలు. ఈఎంజీ అంటే చర్మంపై అతికించిన ఎలక్ట్రోడ్లతో కండరంలోని విద్యుత్ సంకేతాన్ని తెరపై గీతగా చూసి కొలవడం. అందులోనైతే, విశ్రాంతిగా ఉన్న కండరంలో పదింట ఐదుసార్లు కనీసం 50 మైక్రోవోల్టుల తరంగం రావాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. ఇంత చిన్న తరంగానికి వేలు కదిలినట్టు కంటికి కనిపించకపోవచ్చు. అందుకే కంటితో తేల్చిన థ్రెషోల్డ్ సాధారణంగా ఎక్కువగా వస్తుంది. ఈఎంజీలో యంత్రశక్తిలో 50 శాతం తేలిన వ్యక్తికి కంటి అంచనాలో 55 వచ్చిందనుకుందాం. చికిత్సను థ్రెషోల్డుకు 120 శాతంగా ఇస్తే, 60 చాలినచోట 66 ఇచ్చినట్టవుతుంది. టీఎంఎస్ వల్ల మూర్ఛ రావడం చాలా అరుదే అయినా, తీవ్రతను అనవసరంగా పెంచడం సమంజసం కాదు.

నా దృష్టిలో ఇంతకంటే పెద్ద తేడా మరొకటుంది. రోగి తెలియకుండానే చేయి కొద్దిగా బిగపడితే థ్రెషోల్డ్ తగ్గిపోతుంది. ఆ బిగువు కంటికి చిక్కదు, ఈఎంజీ తెరపై మాత్రం పల్సుకు ముందే గీత అలజడిగా కనిపిస్తుంది. అప్పుడు "చెయ్యి వదులుగ పెట్టుండ్రి పెద్దమ్మా" అని చెప్పి, గీత కుదుటపడ్డాకే మళ్లీ పల్స్ ఇవ్వవచ్చు.

ఈఎంజీకీ చిక్కులున్నాయి. వరంగల్ ఎండాకాలంలో చెమటకు ఎలక్ట్రోడ్లు జారుతాయి. కొత్తవాడలో జంపఖానాలు నేసేవారివంటి కష్టపడిన చేతులపై చర్మం మొద్దుబారి ఉంటే స్పిరిటుతో తుడిచి, మెత్తగా రుద్ది అతికించాలి. కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ అలజడి కూడా గీతను చెడగొడుతుంది. ఇవన్నీ ఓపికతో సరిచేసుకోదగినవే.

కాబట్టి కాయిల్‌ను ఎక్కడ పెట్టాలో మొదట వెతుక్కోవడానికి కన్ను చాలు, అంకెను మాత్రం ఈఎంజీతోనే తేల్చడం మేలు. ఈఎంజీ లేనిచోట కంటితోనే కొలిచినా, ఆ సంగతి కేసు షీటులో రాసి, ఆ రోగికి మధ్యలో పద్ధతి మార్చవలసివస్తే పాత అంకెను వాడకుండా థ్రెషోల్డును మళ్లీ మొదటి నుంచి కొలవాలి.