ఫ్లేవియా డి లూస్ సిరీస్: పదకొండు పుస్తకాలూ చదివాక

హంతకుడెవరో తెలుసుకోవడం కోసమే అలన్ బ్రాడ్లీ ఇంగ్లీషులో రాసిన ఫ్లేవియా డి లూస్ నవలలు పట్టుకుంటే మూడో పుస్తకం దగ్గర ఆగిపోతారు. ఫ్లేవియా ఇంట్లోవాళ్ల కోసం చదివితే పదకొండూ పూర్తిచేసి, ఇంకోటి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు. నేను రెండో కోవకు చెందినదాన్ని. మొదటి పుస్తకం హైదరాబాదులో ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల్లో దొరికింది. మిగతావి కిండిల్‌లో చదివాను, కొన్ని ఆడియోలో విన్నాను, మొదటి ఆరూ మళ్లీ మళ్లీ చదివాను. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడం నా ఉద్యోగం. ఈ సిరీస్ నన్ను ఇన్నేళ్లు వదలకపోవడానికి అదీ ఒక కారణం.

తెలియనివాళ్ల కోసం కాస్త పరిచయం. కాలం 1950. ఇంగ్లండులో బిషప్స్ లేసీ అనే కల్పిత పల్లె, దాని పక్కన బక్‌షా అనే పాత భవంతి. అందులో ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దది ఒఫీలియాకు పదిహేడేళ్లు. అద్దం ముందు లేకపోతే పియానో ముందు ఉంటుంది. రెండోది డాఫ్నీకి పదమూడు. పుస్తకంలోంచి తలెత్తదు. చివరిది ఫ్లేవియా, పదకొండేళ్ల పిల్ల. తండ్రి కల్నల్ హావిలాండ్ డి లూస్‌కు తపాలా బిళ్లలే లోకం. తల్లి హారియట్, ఫ్లేవియా పసిగుడ్డుగా ఉన్నప్పుడే టిబెట్ కొండల్లో కనిపించకుండా పోయింది. వంటకు మిసెస్ మల్లెట్, తోట పనికీ మిగతా అన్ని పనులకూ డాగర్. ఇల్లు హారియట్ పేరు మీద ఉంది, వీలునామా లేదు. పన్నులు కట్టలేక కల్నల్ సతమతమవుతుంటాడు. ఎన్ని హత్యలు జరిగినా ఈ దిగులు మాత్రం పుస్తకం నుంచి పుస్తకానికి వస్తూనే ఉంటుంది.

ఇవి కోజీ మిస్టరీలనే కోవకు చెందినవి, అంటే హత్య ఉంటుంది గానీ నెత్తురు పేజీల మీద పారదు. ఊళ్లో అందరూ అందరికీ తెలుసు. పరిశోధించేది పోలీసూ కాదు, ఫీజు తీసుకునే డిటెక్టివూ కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ను చదివి పెరిగినవాళ్లకు ఇది కొత్తగా అనిపిస్తుంది. యుగంధర్ పేరు చెబితే పోలీసులు లేచి నిలబడతారు. ఫ్లేవియాకు ఆ గౌరవం లేదు. మొదటి పుస్తకంలో తోటలో మనిషి ప్రాణం పోతుండగా చూసింది ఆ పిల్లే. అయినా ఇన్‌స్పెక్టర్ హెవిట్ వచ్చి, టీ సంగతి చూడమని ఆమెను లోపలికి పంపిస్తాడు. ఆ అవమానం ఆమెలో చాలాకాలం కుతకుతలాడుతుంది. హెవిట్ మంచివాడు, తెలివైనవాడు. ఆ పిల్ల మాటను అతను కొద్దికొద్దిగా వినడం నేర్చుకోవడం ఈ సిరీస్‌లో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి.

మొదటి నవల పేరు ద స్వీట్‌నెస్ ఎట్ ద బాటమ్ ఆఫ్ ద పై, 2009లో వచ్చింది. వంటింటి గుమ్మం ముందు చచ్చిన పిట్ట పడి ఉంటుంది, దాని ముక్కుకు ఒక పెన్నీ బ్లాక్ తపాలా బిళ్ల గుచ్చి ఉంటుంది. పెన్నీ బ్లాక్ అంటే 1840లో బ్రిటన్ విడుదల చేసిన బిళ్ల, ప్రపంచంలోనే మొదటి అంటించే స్టాంపు. అది చూసి కల్నల్ ముఖం పాలిపోతుంది. మర్నాడు తెల్లవారకముందే దోసపాదుల మధ్య ఒక అపరిచితుడు ఫ్లేవియా ముఖం మీదే ఆఖరి ఊపిరి వదులుతాడు. ఆమె భయపడదు. తన బతుకులో ఇంత ఆసక్తికరమైనది ఇంతవరకూ జరగలేదు అనుకుంటుంది. ఆ వాక్యం చదివినప్పుడే ఈ పిల్లను వదలనని నాకు తెలిసిపోయింది.

ఇక కెమిస్ట్రీ. బక్‌షా తూర్పు భాగంలో పాడుబడ్డ ఒక లాబొరేటరీ ఉంది. టార్ డి లూస్ అనే పూర్వీకుడిది, విక్టోరియా రాణి కాలం నాటిది. అక్కాచెల్లెళ్ల పోరు భరించలేక ఫ్లేవియా అక్కడే ఉంటుంది. విషాలంటే ఆమెకు ప్రాణం. ఇలాంటి పాత్రకు రచయితలు సైన్సును పైపైన అద్దేసి ఊరుకుంటారు. ఇక్కడ అలా జరగలేదు. మొదటి పుస్తకంలో పాయిజన్ ఐవీ నుంచి మంట పుట్టించే పదార్థం తీసి, అక్క లిప్‌స్టిక్‌లో కలుపుతుంది. ఆ మొక్కలో ఉండేది ఉరుషియాల్. అది తగిలిన వెంటనే ఏమీ కాదు, చర్మం తిరగబడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఫ్లేవియా కూడా రోజూ అక్క ముఖాన్ని పట్టిపట్టి చూస్తూ, ఇంకా ఏమీ కాలేదేమని అనుకుంటూ ఉంటుంది. రచయిత తొందరపడలేదు.

పాయిజన్ ఐవీ మన దగ్గర పెరగదు. కానీ జీడిమామిడి గింజ పెంకులో, చాకిరేవులో బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడిలో, పచ్చి మామిడికాయ సొనలో ఉన్నవి ఉరుషియాల్‌కు దగ్గరి బంధువులే. ఈ మొక్కలన్నీ ఒకే కుటుంబానివి. క్లాసులో ఈ ముక్క చెప్పినప్పుడు, వేసవిలో సొన తగిలి మూతి పొక్కిన పిల్లలందరికీ ఫ్లేవియా చేసిన పని చటుక్కున అర్థమైంది. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు పుస్తకం అడిగి పట్టుకెళ్లారు.

ఫ్లేవియా ఆరాధించేవాళ్లలో మేరీ ఆన్ లావోయిజే ఒకరు. ఆంట్వాన్ లావోయిజే పేరు ప్రతి కెమిస్ట్రీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది. ప్రయోగాల్లో ఆయన పక్కనే నిలబడి, నోట్సు రాసి, పరికరాల బొమ్మలు గీసి, ఇంగ్లీషు నుంచి రసాయనశాస్త్ర గ్రంథాలు అనువదించిన భార్య గురించి మేం ఒక్క వాక్యం కూడా చెప్పం. 1794 మే 8న ఒకే రోజున ఆమె భర్తనూ తండ్రినీ గిలెటిన్ కింద చంపారు. ఆడపిల్లవి, నీకెందుకు ఇవన్నీ అనే ఇంట్లో, ఊళ్లో పెరుగుతున్న పదకొండేళ్ల పిల్లకు ఆమె ఆదర్శం కావడం ఎంత సహజం! ఈ ఒక్క కారణానికే మా కాలేజీ లైబ్రరీలో ఈ పుస్తకం ఉండాలని పట్టుబట్టాను.

కానీ నన్ను ఈ పుస్తకాల దగ్గరికి మళ్లీ మళ్లీ రప్పించేది డాగర్. అతను యుద్ధంలో కల్నల్‌తో పాటు ఉన్నవాడు. జపాను సైన్యానికి బందీగా చిక్కి, థాయ్‌లాండ్-బర్మా మరణ రైలుమార్గం పనిలో చిత్రహింసలు పడ్డవాడు. ఆ రైలుమార్గం మనకూ పరాయిది కాదు. 1942-43లో దాన్ని వేయడానికి మలయా తోటల నుంచి దక్షిణాది కూలీలను, ఎక్కువగా తమిళులను, వేలకు వేలుగా తరలించారు. వాళ్లలో ఎంతోమంది తిరిగి రాలేదు. నవలల్లో ఈ చరిత్రంతా విప్పి చెప్పరు. డాగర్ ఒక్కోరోజు మామూలుగా గులాబీలకు నీళ్లు పోస్తుంటాడు. ఇంకోరోజు ఏదో చిన్న చప్పుడుకు వణికిపోతూ, ఎక్కడున్నాడో తెలియని స్థితిలో ఉంటాడు. అప్పుడు ఫ్లేవియా అతన్ని ప్రశ్నలు అడగదు. పక్కన కూర్చుని, మెల్లగా మాట్లాడుతూ, అతను తేరుకునేదాకా ఉంటుంది. అక్కల మీద విషప్రయోగం చేసే పిల్లేనా ఈమె అనిపిస్తుంది. అతనికి ఏం జరిగిందో తెలియకపోయినా, ఏం చేస్తే కుదుటపడతాడో ఆమెకు తెలుసు. డాగర్ కూడా ఆమెను పిల్లలా చూడడు. అడిగిన ప్రతి ప్రశ్ననూ మర్యాదగా తీసుకుంటాడు, వైద్యం గురించి అతనికి ఎంత తెలుసో కొంచెం కొంచెంగా బయటపడుతుంది. ఇంట్లో ఆ పిల్లను గౌరవించేది ఇతనొక్కడే.

తల్లి లేని లోటును చూపించడంలోనూ రచయితది అదే ఒడుపు. గుర్తు తెచ్చుకోవడానికి ఫ్లేవియా దగ్గర అమ్మ జ్ఞాపకం ఒక్కటీ లేదు. అమ్మ వాడిన పాత సైకిల్‌కు గ్లాడిస్ అని పేరు పెట్టుకుని దానితో మాట్లాడుతుంది. షెడ్డులో దుమ్ము పట్టిన అమ్మ రోల్స్‌రాయిస్ కారులోకి ఎక్కి కూర్చుంటుంది. నువ్వు ఈ ఇంటి పిల్లవు కాదు, పెంపుడుదానివి అని అక్కలు ఏడిపిస్తారు. ఆ మాట అబద్ధమని తెలిసినా లోపల ఎక్కడో గుచ్చుకుని ఉంటుంది. ఆమె కొంటె పనులన్నిటికీ వెనక ఇదే ఉందని నాకు రెండోసారి చదివినప్పుడు బాగా తెలిసింది.

రెండు, మూడు, నాలుగు పుస్తకాలు వరసగా తోలుబొమ్మలాటవాడు, సోది చెప్పే జిప్సీ ముసలామె, క్రిస్మస్‌కు బక్‌షాలో దిగిన సినిమావాళ్ల చుట్టూ తిరుగుతాయి. చదవడానికి హాయిగా ఉంటాయి. నాలుగోదానిలో శాంతా క్లాజ్ నిజంగా ఉన్నాడో లేడో తేల్చడానికి పిట్టలను పట్టే బంక తయారుచేసి ఇంటి కప్పు మీద పూసే ఘట్టం మాత్రం మర్చిపోలేను. హత్యల చిక్కుముళ్లు ఈ మూడింట్లోనూ అంత గట్టివి కావు. హంతకుణ్ని సగం దగ్గరే పట్టేశాను. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని హత్యలేమిటన్న ప్రశ్న కూడా వస్తుంది. దాన్ని పక్కన పెట్టి చదువుకోవడమే.

అసలు బలం ఐదులోనూ ఆరులోనూ ఉంది. 2013లో వచ్చిన స్పీకింగ్ ఫ్రమ్ అమాంగ్ ద బోన్స్‌లో చర్చిలో ఒక సాధువు సమాధి తెరుస్తారు, అందులో ఉండకూడని శవం ఉంటుంది. దాని ఆఖరి వాక్యం చదివాక వెంటనే తర్వాతిది కావాలి, కనుక ద డెడ్ ఇన్ దెయిర్ వాల్టెడ్ ఆర్చెస్‌ను ముందే పక్కన పెట్టుకోండి. ఆరోది హత్య కథకంటే దుఃఖం కథ. ఒక్కొక్కరూ దాన్ని ఎంత వేర్వేరుగా మోస్తారో, ఒకే ఇంట్లో ఉండి ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోలేకపోతారో అందులో చూడాలి.

ఏడోది నన్ను నిరుత్సాహపరిచింది. ఫ్లేవియాను కెనడాలో ఒక ఆడపిల్లల బోర్డింగ్ స్కూలుకు పంపిస్తారు. ఆరులో మొదలైన రహస్య సంస్థ వ్యవహారం ఇక్కడ బాగా పెరిగి, ఎన్నో దారాలు విప్పి, చాలావాటిని కట్టకుండానే వదిలేస్తుంది. డాగర్ లేడు, అక్కలు లేరు, మిసెస్ మల్లెట్ లేదు. ఇంటి కోసం చదివేదాన్ని కనుక ఇల్లు లేని పుస్తకం నాకు ఉప్పు లేని పప్పులా అనిపించింది. అయినా వదిలేయొద్దు. 2016లో వచ్చిన ఎనిమిదోదానిలో ఆమె ఇంటికి తిరిగొస్తుంది, దాని ముగింపు ఈ సిరీస్ అంతటికీ పెద్ద మలుపు. తర్వాతి రెండింట్లో డాగర్, ఫ్లేవియా కలిసి పద్ధతిగా పరిశోధనకు దిగుతారు. వాళ్లిద్దరి సంభాషణలు ఇక్కడ నిండుగా ఉంటాయి.

పదోది 2019లో వచ్చాక ఐదేళ్లు ఏమీ లేదు. పదకొండోది 2024లో వచ్చింది. పదవీ విరమణ చేసిన, ఉరితీసే తలారి ఒకడు పుట్టగొడుగుల విషంతో చనిపోతాడు. ఆ పుట్టగొడుగులు వండింది మిసెస్ మల్లెట్. పది పుస్తకాలుగా ఎవరికీ నచ్చని కస్టర్డ్ పై చేస్తూ, ఊరి కబుర్లు చెబుతూ వంటింట్లో ఉన్న మనిషి మీద అనుమానం వస్తే మనకే గుండె జారుతుంది. ఇన్నాళ్లూ ఆమెను వెనక ఉంచి రచయిత మంచి పనే చేశాడనిపించింది.

ఆ రచయిత అలన్ బ్రాడ్లీ కెనడావాడు, 1938లో పుట్టాడు. యూనివర్సిటీలో టెలివిజన్ ఇంజనీరుగా పనిచేసి ముందే విరమణ తీసుకున్నాడు. ఇంకేదో నవల రాస్తుంటే అందులో ఒక చిన్న పాత్రగా వచ్చిన పిల్ల ఆయన్ను వదల్లేదట. మొదటి అధ్యాయం, కథాసంగ్రహం పంపితే 2007లో బ్రిటన్‌లోని క్రైమ్ రైటర్స్ అసోసియేషన్ కొత్త రచయితలకిచ్చే డెబ్యూ డ్యాగర్ అనే బహుమతి వచ్చింది. దాన్ని అందుకోవడానికి వెళ్లినప్పుడే ఆయన ఇంగ్లండు మొదటిసారి చూడటం. పుస్తకం అచ్చయ్యేటప్పటికి డెబ్భై ఏళ్లు. ఫ్లేవియా కథ సినిమాకు దర్శకుడు భరత్ నల్లూరి. గుంటూరులో పుట్టి ఇంగ్లండులో పెరిగినవాడు. ఆ పేరు చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

భాష గురించి ఒక మాట. ఫ్లేవియా ఇంగ్లీషు అలంకారాలతో, పాత పద్యాల ముక్కలతో, 1950ల బ్రిటిష్ పల్లె మాటలతో నిండి ఉంటుంది. తేలిక ఇంగ్లీషుకు అలవాటుపడ్డవాళ్లకు మొదటి యాభై పేజీలు నెమ్మదిగా సాగుతాయి. అలాంటివాళ్లు ఆడియోతో మొదలుపెట్టడం మేలు. జేన్ ఎంట్విజిల్ చదివిన తీరులో ఆ పిల్ల గర్వం, బెంగ, కోపం అన్నీ వినబడతాయి. పదాలు తెలియకపోయినా గొంతు పట్టుకుని వెళ్లిపోవచ్చు. వరస మాత్రం తప్పకూడదు. ఏ కేసు ఆ కేసే కదా అని మధ్యలోది పట్టుకుంటే ఇంటి కథ చెడిపోతుంది.

పిల్లలకు ఇవ్వొచ్చా అని అడుగుతుంటారు. పన్నెండు దాటి, ఇంగ్లీషు బాగా చదివే పిల్లలకు ఇవ్వొచ్చు. మా అమ్మాయికి తొమ్మిదో తరగతి సెలవుల్లో ఇచ్చాను. దానికి ఫ్లేవియాకంటే డాఫ్నీ నచ్చింది. విషాల తయారీ వివరాలు ఇంట్లో చేసి చూసేంత స్పష్టంగా ఏమీ ఉండవు, ఆ భయం అక్కర్లేదు. అక్కచెల్లెళ్ల మధ్య క్రూరత్వం మాత్రం నిజంగా ఉంటుంది. తల్లి లేని పిల్లలకైతే ముందు మీరు చదివి, ఆరో పుస్తకం వాళ్లు చదివేటప్పుడు దగ్గర ఉండండి.