మైనారిటీలకు ఉద్యోగాలు: కోటానా, భాషా శిక్షణా, యజమానితో లెక్క చెప్పించడమా?

తరతరాలుగా ఒకే దేశంలో ఉంటున్నా, భాష వేరైనందుకో మతం వేరైనందుకో ఉద్యోగాలకు దూరమైన వర్గాలు చాలా దేశాల్లో ఉన్నాయి. వాళ్లకోసం నడిచిన మూడు దారులను పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు బాగా తెలుస్తాయి.

మొదటిది కోటా. ఇటలీ ఉత్తర సరిహద్దున ఉన్న సౌత్ టిరోల్‌లో జర్మన్ మాట్లాడేవాళ్లే ఎక్కువ. అయినా ఫాసిస్టు పాలన నాటి నుంచి ప్రభుత్వ కొలువులు చాలావరకు ఇటాలియన్ భాషీయులవే. 1972 నాటి స్వయంప్రతిపత్తి చట్టంతో అది మారింది. జనాభాలో ఏ భాషా వర్గం ఎంత ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో అంత వాటా అన్నారు. 2011 లెక్కల్లో జర్మన్ వర్గం 69.4 శాతం, ఇటాలియన్ 26.1, అక్కడి కొండ లోయల్లో మాట్లాడే చిన్న భాష లాదిన్ వర్గం 4.5. దీంతోపాటు రెండు భాషల పరీక్ష పెట్టారు, అది అందరూ పాసవ్వాలి. నాకు బాగా నచ్చింది ఇదే. భాష నేర్చుకునే బరువు ఒక్క మైనారిటీ నెత్తినే పడలేదు. కానీ ఈ పద్ధతిలో ప్రతి మనిషీ ఏదో ఒక వర్గంలో చేరాల్సిందే. తల్లిది ఒక భాష, తండ్రిది ఇంకో భాష అయిన పిల్లలకు అది ఇబ్బందే. పైగా ప్రైవేటు కంపెనీలకు ఈ వాటాలు వర్తించవు.

కోటా త్వరగా పనిచేస్తుందన్నది మాత్రం నిజం. ఉత్తర ఐర్లాండ్ పోలీసు శాఖలో 2001 నుంచి 2011 దాకా కొత్త నియామకాల్లో సగం, అప్పట్లో అక్కడ మైనారిటీ అయిన కాథలిక్కులకు ఇచ్చారు. మొదట్లో సుమారు 8 శాతం ఉన్న వాళ్ల సంఖ్య 30 శాతం దగ్గరికి చేరింది. ఆ నిబంధన తీసేశాక పెరుగుదల బాగా నెమ్మదించింది.

రెండోది భాషా శిక్షణ. జార్జియా దేశంలో అర్మేనియన్, అజర్‌బైజాన్ భాషల పిల్లలకు యూనివర్సిటీ ప్రవేశ పరీక్షే పెద్ద అడ్డంకిగా ఉండేది. 2010లో పద్ధతి మార్చారు. పరీక్ష సొంత భాషలో రాయొచ్చు. ఒక ఏడాది జార్జియన్ నేర్చుకుని, తర్వాత నాలుగేళ్ల డిగ్రీ చదవొచ్చు. చాలా మంచి పని. అయితే ఇది చదువుకునే వయసు వాళ్లకే పనికొస్తుంది. నలభై ఏళ్ల మనిషికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. భాష వచ్చినా పేరు చూసి దరఖాస్తు పక్కన పడేసే యజమాని దగ్గర ఏ సర్టిఫికెటూ పనిచేయదు.

అందుకే నా ఓటు మూడోదానికి. ఉత్తర ఐర్లాండ్‌లోనే 1989 చట్టం యజమానుల మీద ఒక బాధ్యత పెట్టింది. ఉద్యోగుల్లో కాథలిక్కులు ఎందరు, ప్రొటెస్టెంట్లు ఎందరు అన్నది ప్రతి ఏడాదీ ప్రభుత్వ సంస్థకు చెప్పాలి. మొదట పాతికమందికి పైగా ఉన్న కంపెనీలకు, తర్వాత పదిమంది దాటిన వాటికి ఇది వర్తించింది. మూడేళ్లకోసారి తమ నియామకాలను, ప్రమోషన్లను సమీక్షించుకుని, తేడా కనిపిస్తే సరిదిద్దుకోవాలి. ఇందులో వాటాలు లేవు. ఫలానా వర్గం కాబట్టే ఉద్యోగమొచ్చింది అని ఎవరూ వేలెత్తి చూపలేరు. మావాళ్లకు చోటు ఇవ్వడం లేదని నిరూపించే టెన్షన్ అభ్యర్థికి చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే లెక్క యజమాని చేతిలోనే ఉంటుంది. ప్రైవేటు రంగంలోకి వెళ్లగలిగిందీ ఈ మూడింటిలో ఇదొక్కటే. దశాబ్దాలు గడిచేసరికి అక్కడి ఉద్యోగుల్లో రెండు వర్గాల నిష్పత్తి చాలా దగ్గరైంది.

పోలీసు, కోర్టుల్లాంటి చోట్ల జనానికి ముందు నమ్మకం కావాలి. అక్కడ గడువు పెట్టిన కోటాయే సరి, ఇరవై ఏళ్లు ఆగమని ఎవరినీ అడగలేం. పదిమంది లోపు పనివాళ్లున్న చిన్న యజమానులే ఎక్కువగా ఉన్న పల్లె ప్రాంతాల్లో లెక్కల చట్టం అందదు. అక్కడ మాత్రం డబ్బు ముందు భాషా శిక్షణకే పెట్టాలంటాను, అదీ పనిచేసే పెద్దవాళ్లకు, సాయంత్రం పూట, ఫీజు లేకుండా.