లౌడౌన్ కౌంటీ ఎనిమిదో తరగతి పిల్లలకు: టీజేనా, అకాడమీసా?

వర్జీనియాలోని యాష్‌బర్న్, బ్రాంబుల్టన్ వైపు తెలుగు ఇళ్లలో ఎనిమిదో తరగతి రాగానే మొదలయ్యే చర్చ ఇది: హైస్కూలుకు టీజే, అంటే థామస్ జెఫర్సన్ సైన్స్, టెక్నాలజీ హైస్కూలుకా, అకాడమీస్ ఆఫ్ లౌడౌన్‌కా? రెండూ ప్రభుత్వ బడులే, తల్లిదండ్రులు ఫీజు కట్టక్కర్లేదు. అసలు తేడా చదువు నాణ్యతలో కాదు, రోజు గడిచే తీరులో.

టీజే పూర్తికాలపు బడి. పిల్లవాడు లౌడౌన్ హైస్కూలును పూర్తిగా వదిలేస్తాడు. ఆటలు, క్లబ్బులు, డిప్లొమా అన్నీ అక్కడివే. తొమ్మిదిలో బయాలజీ, ఇంగ్లిష్, టెక్నాలజీ కలిపి చెబుతారు. పన్నెండులో ల్యాబ్‌లో సొంత పరిశోధన చేయాలి. చిక్కు దూరంతోనే: బడి ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో, బెల్ట్‌వే (వాషింగ్టన్ చుట్టూ తిరిగే రింగురోడ్డు) దాటాక ఉంది. యాష్‌బర్న్ నుంచి సుమారు 30 మైళ్లు, అదీ రద్దీ వేళ. బస్సు ఉన్నా నిద్ర తగ్గుతుంది.

లీస్‌బర్గ్‌లో 2018లో తెరిచిన అకాడమీస్ ఆఫ్ లౌడౌన్‌లో సైన్స్ అకాడమీ, ఇంజినీరింగ్ అకాడమీ పిల్లలు రోజు మార్చి రోజు వెళ్తారు. మిగతా రోజులు సొంత హైస్కూలే. బ్యాండు, ఫుట్‌బాల్, పాత స్నేహితులను వదులుకోనక్కర్లేదు. కానీ సొంత హైస్కూల్లో సగం రోజులే కాబట్టి అక్కడ ఎలెక్టివ్‌లకు (ఇష్టపడి ఎంచుకునే సబ్జెక్టులకు) చోటు బిగుసుకుంటుంది. స్పానిష్, ఆర్కెస్ట్రా రెండూ కావాలంటే నాలుగేళ్ల ప్రణాళిక ముందే కౌన్సెలర్‌తో గీసుకోండి.

టీజే ప్రవేశ పరీక్షను 2020లోనే తీసేశారు. ఇప్పుడు 3.5 జీపీఏ (గ్రేడ్ల సగటు), ఆల్జీబ్రా 1, వ్యాసాలు చూస్తారు. ప్రతి ప్రభుత్వ మిడిల్ స్కూలుకూ ఎనిమిదో తరగతి సంఖ్యలో 1.5 శాతం సీట్లు కేటాయిస్తారు. పాత పరీక్షకు కోచింగ్ అమ్మేవాళ్ల మాట వినకండి.

పరిశోధన అంటే పిచ్చి ఉన్న పిల్లకు టీజే. ఇంకా ఏదీ తేల్చుకోని పిల్లకు లీస్‌బర్గే నయం.