క్యూ పేరు మారిపోతా ఉంటే మెసేజ్ ఎట్ట పంపాల?

తిరపతిలో తిరమల ట్యాక్సీలకి చిన్న యాప్ చేస్తా ఉండాం, రాబిట్‌ఎంక్యూ మింద (మెసేజ్‌లు తీసుకోని చేరవేసే సాఫ్ట్‌వేర్, ఇట్టాంటిదాన్నే బ్రోకర్ అంటారు). ఒక్కో డ్రైవర్ ఫోన్‌కి ఒక టెంపరరీ క్యూ, అంటే ఆ ఫోన్‌కి పోవాల్సిన మెసేజ్‌లు వరసగా ఆగే చోటు, పేరు బ్రోకరే పెడతాది, ఏఎంక్యూ డాట్ జెన్ అని మొదలై ఏందేందో అక్షరాలు. అలిపిరి దాటి ఘాట్ రోడ్ మలుపుల్లో సిగ్నల్ పోయి మళ్ళీ వస్తే క్యూ పేరు కొత్తది.

మొదట డైరెక్టుగా పోయినాం. క్యూ పేరు టేబుల్లో రాసుకోని, డీఫాల్ట్ ఎక్స్చేంజ్ (ఎక్స్చేంజ్ అంటే మెసేజ్ ఏ క్యూకి పోవాలో చూసి పంపేది)‌కి ఆ పేరే రౌటింగ్ కీగా, అంటే మెసేజ్ మింద అడ్రస్ మాదిరి, ఇచ్చేది. సులభమే, కానీ పాత పేరుకి పంపితే ఎర్రర్ కూడా రాదబ్బా, మెసేజ్ మాయం! పంపేటప్పుడు మ్యాండేటరీ ఫ్లాగ్ అనే ఆప్షన్ పెడితేనే, చేరని మెసేజ్ వెనక్కొస్తాది, మేము పెట్టలే, ఒక పికప్ అట్టే పోయింది, బస్టాండ్ కాడ పెద్దాయన లగేజీతో గంటసేపు నిలబడినాడు.

ఇప్పుడు టాపిక్ ఎక్స్చేంజ్, అంటే కీ ఏ క్యూ అడిగిన దానితో కలిస్తే ఆ క్యూకి పంపేది. మేము "ట్రిప్.తిరమల.42" అని కీ ఇస్తాం అంతే, డ్రైవర్ యాప్ కనెక్ట్ అయినప్పుడల్లా తన కొత్త క్యూని ఆ కీకి బైండ్ చేసుకుంటాది, అంటే ఈ కీతో వచ్చేవి నాకియ్యి అని చెప్పుకుంటాది, పంపేవాడికి క్యూ పేరుతో పనే లేదు. అందరికీ చెప్పాలంటే ఇంకో బైండింగ్ చాలు. సిగ్నల్ లేనప్పుడు మాత్రం ఇక్కడా మెసేజ్ గల్లంతే, అందుకే ఏ క్యూకీ చేరని మెసేజ్‌లు పోయే ఆల్టర్నేట్ ఎక్స్చేంజ్ పెట్టి వేరే క్యూలో పట్టుకుంటా ఉండాం.

డైరెక్ట్ పద్ధతి పనికిరాదని కాదు, అడిగినోడికే వెంటనే జవాబియ్యాలంటే, రిప్లై-టూలో, అంటే జవాబు ఎక్కడికి పంపాలో రాసే చోట, తన క్యూ పేరు వాడే పంపుతాడు కదా, దానికి అదే బెస్ట్. ఛార్జీ ఎంతని అడిగేదానికి ఇప్పటికీ అదే వాడతాండాం.