సీటు దగ్గరా, లంచ్ రూమ్‌లోనా, బాక్సులో ఏముండాలో కూడా ఆఫీసే చెప్పాలా: ఏది మేలు?

నేను మూడు రకాల చోట్ల పనిచేశాను. మొదట హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ ల్యాబ్, తర్వాత కొన్నాళ్ళు ఒక బట్టల షోరూమ్‌లో లెక్కలు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మధ్యాహ్నం భోజనం గురించి మూడు చోట్లా మూడు రకాల రూల్స్. అన్నీ చూశాక నాకు తేలింది ముందే చెప్పేస్తాను: ఎక్కడ తినాలో యాజమాన్యం చెప్పొచ్చు, కొన్ని చోట్ల చెప్పి తీరాలి కూడా, కానీ కూర్చుని తినడానికి చోటూ టైమూ ఇచ్చాకే చెప్పాలి. ఇంటి నుంచి ఏం తెచ్చుకోవాలో మాత్రం చెప్పకూడదు.

ల్యాబ్ సంగతి చూద్దాం. అక్కడ మంచినీళ్ళ సీసా కూడా బయటే పెట్టి వెళ్ళాలి, వక్కపొడి నోట్లో వేసుకున్నా ఒప్పుకోరు. మన దేశంలో మందుల తయారీకి షెడ్యూల్ ఎం అని నిబంధనలున్నాయి, తయారీ చోట, ల్యాబ్‌లో, స్టోర్‌లో తినడం, తాగడం, నమలడం పనికిరావని వాటిలోనే ఉంది. మొదటి వారం నాకు చిరాకేసింది. ఒకరోజు కొత్తగా చేరిన కుర్రాడు తన పెరుగు డబ్బా తీసుకెళ్ళి శాంపిల్స్ ఫ్రిజ్‌లో పెట్టాడు, మా సీనియర్ మేడమ్ అరవలేదు, పక్కకి పిలిచి "ఆ పక్క సీసాల్లో ఏముందో తెలిస్తే ఆ పెరుగు తింటావా నాన్నా?" అని అడిగారు. అప్పుడు నాకూ అర్థమైంది. కంటికి కనపడని పొడి పెన్ను మీద ఉంటుంది, తలుపు పిడి మీద ఉంటుంది, అక్కడి నుంచి వేళ్ళకీ, వేళ్ళ నుంచి ముద్దలోకీ వస్తుంది. అటు నుంచి చూసినా అంతే, మన మెతుకు శాంపిల్‌లో పడితే మందు వేసుకునేవాళ్ళకి ప్రమాదం. అయితే అక్కడ ఏప్రన్ విప్పి, సబ్బుతో చేతులు కడుక్కుని వెళ్తే బల్లలూ ఫ్యాన్లూ ఉన్న క్యాంటీన్ ఉండేది, అన్నం వేడిగా ఉండేది. అందుకే ఆ రూల్ ఎంత కఠినంగా ఉన్నా ఎవరికీ బరువనిపించలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాసినవాళ్ళు ఈ వరస బాగా ఆలోచించారనిపిస్తుంది. 250 మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలో క్యాంటీన్, 150 మంది దాటితే కూర్చుని తినడానికి లంచ్ రూమ్ ఉండాలన్నారు, లంచ్ రూమ్ ఉన్నచోట ఇక పనిచేసే గదిలో ఎవరూ తినకూడదన్నారు. ముందు గది కట్టమన్నారు, తర్వాతే వద్దన్నారు. ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని కూడా అందులోనే ఉండేది. దాని బదులు 2020లో చేసి, 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన కొత్త కార్మిక చట్టంలో (కోడ్ అంటారు) క్యాంటీన్ లెక్కను 100 మందికి తగ్గించారు.

షోరూమ్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. ఫ్లోర్ మీద తినకూడదు, చీరలకి నూనె మరకలవుతాయి. న్యాయమే. మరి ఎక్కడ తినాలి? దానికి జవాబు లేదు. మేం వదినా అని పిలిచే ఒక సేల్స్ ఆవిడ ఉండేది, కస్టమర్లు పలచబడేసరికి మూడున్నర అయ్యేది, గోడౌన్‌లో అట్టపెట్టెల మధ్య నిలబడి, బాక్సు ఒక పెట్టె మీద పెట్టుకుని టమాటా పచ్చడి అన్నం తినేది. పొద్దున పది నుంచీ నిలబడే ఉన్న మనిషి. కుడిచేత్తో కలుపుకుంటూ, యూనిఫామ్ చీర మీద చుక్క పడితే జీతంలో కోస్తారని ఎడమచేత్తో కొంగు దూరంగా పట్టుకుని తినేది. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయని తర్వాత చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది. చోటు చూపించకుండా ఇక్కడ తినొద్దు అనడం కంటే అసలు ఏ రూలూ లేకపోవడమే మేలు.

ఇక సీటు దగ్గర తినడం. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఇది స్వేచ్ఛలా కనిపిస్తుంది, నేనూ రెండేళ్ళు అలాగే తిన్నాను, లిఫ్ట్ కోసం నిలబడక్కర్లేదు, మైక్రోవేవ్ దగ్గర క్యూ లేదు. కీబోర్డు సందుల్లో మెతుకులు, చీమలు, రాత్రికి ఎలుకలు, ఇవన్నీ చిన్న సంగతులే. అసలు నష్టం ఏంటంటే విరామం అనేదే మాయమైపోతుంది. "తింటూనే ఉన్నారుగా, ఈ ఒక్క మెయిల్ చూసేయండి" అంటారు, మనం ఎడమచేత్తో మౌస్ పట్టుకుంటాం, ఏం తిన్నామో కూడా తెలియకుండా బాక్సు ఖాళీ అవుతుంది. ఫ్రాన్స్‌లో పనిచేసే చోట భోజనం చేయనివ్వకూడదని చట్టంలోనే ఉంది, కోవిడ్ అప్పుడు 2021లో మాత్రం కొన్నాళ్ళు సడలించారు. నేనైతే లంచ్ రూమ్ వైపే ఉంటాను. కాకపోతే షుగర్ ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు టైముకి నాలుగు బిస్కెట్లో ఒక అరటిపండో సీటు దగ్గర తింటే ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు, దానికి పర్మిషన్ మెయిల్ అడగకూడదు.

ఇక ఏం తినాలన్న రూల్. నాకు బాధ కలిగించేది ఇదే. మా ఆఫీసులో ఒకసారి "ఘాటైన వాసన వచ్చే ఆహారం తేవద్దు" అని మెయిల్ వచ్చింది. వెల్లుల్లి కారానికీ, ఇంగువ పోపుకీ కూడా వాసన ఉంటుంది, కానీ ఆ మాట చేపల గురించేనని చదివిన అందరికీ తెలుసు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన ఒక అబ్బాయి మర్నాటి నుంచి లంచ్ రూమ్‌లో కనిపించలేదు. నాలుగో రోజున బండి తీయడానికి సెల్లార్‌కి వెళ్తే, బైక్ సీటు మీద బాక్సు పెట్టుకుని ఎండు చేపల కూరతో అన్నం తింటున్నాడు, నన్ను చూసి మూత పెట్టేశాడు. ఆ మూత పెట్టడం నేను మర్చిపోలేను. 2014లో చెన్నైలో ఒక పెద్ద ఇంగ్లీషు పత్రిక క్యాంటీన్‌లోకి మాంసాహారం తేవద్దని సిబ్బందికి నోటీసు ఇస్తే పెద్ద చర్చే జరిగింది. కంపెనీ తన డబ్బుతో వండించే భోజనంలో శాకాహారమే పెడతానంటే అది వేరే సంగతి. అమ్మో భార్యో తెల్లారి లేచి కట్టిన బాక్సు వేరు.

శాకాహారుల ఇబ్బందిని నేను తీసిపారేయను. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు, కార్తీక మాసం చేసేవాళ్ళు మాంసం వేడిచేసిన మైక్రోవేవ్‌లో తమ అన్నం పెట్టలేరు, అది నిజమైన ఇబ్బందే. దానికి మా ఆఫీసులో చేసింది ఏంటంటే ఇంకో మైక్రోవేవ్ కొని శాకాహారానికి మాత్రమే అని కాగితం అంటించారు, కిటికీ పక్కన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టారు. అంతే. ఆ మెయిల్ వెనక్కి తీసుకున్నారు, ఆ అబ్బాయి పైకి వచ్చాడు.

పదిమంది ఉన్న చిన్న ఆఫీసులో లంచ్ రూమ్ ఎక్కడి నుంచి తెస్తాం అంటారు. మేం ఇప్పుడున్న ఈ ఆఫీసూ మొదట్లో అంతే, ఒంటిగంట నుంచి రెండింటి దాకా మీటింగ్ రూమే మా భోజనాల గది, బల్ల మీద పాత పేపర్లు పరిచేవాళ్ళం, మూలన మూత ఉన్న చెత్తబుట్ట ఉండేది. ఆ గంటలో ఎవరైనా మీటింగ్ పెట్టమంటే మా మేనేజర్ గారు "అది అన్నం టైమండీ, రెండున్నరకి పెట్టుకుందాం" అనేవారు.